ఫోనూ కంప్యూటరూ వాడే పద్ధతిపై నాలుగు మాటలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల వేళ దగ్గర పడుతున్నదని మాకూ తెలుసు. దేగ్‌కు దమ్ము పెట్టిన వాసన వేదిక దాకా వస్తున్నది. అయినా కార్యదర్శిగారు అరగంట ఇచ్చినారు గనుక ఆ అరగంటను వృథా చేయకుండా పనికొచ్చే సంగతులే మనవి చేయాలని మా ఉద్దేశం.

మేము ముగ్గురం. రెండేళ్లుగా ఆదివారం పూట సంఘం ఆఫీసు ముందు గదిలో కూర్చుని, ఫోను పనిచేయక, కంప్యూటరు మొరాయించి వచ్చినవాళ్లకు చేతనైన సాయం చేస్తున్నాము. మేమేమీ పెద్ద ఇంజనీర్లం కాము. ఒకరు బడిపంతులు, ఒకరు జిరాక్సు షాపు నడిపేవాడు, ఒకరు బి.కాం. చదివి ఉద్యోగం వెతుక్కుంటున్నవాడు. ఆ గదిలో మేము నేర్పిందాని కంటే నేర్చుకున్నదే ఎక్కువ. అందులో కొంత ఈరోజు మీ ముందు పెడుతున్నాము.

మొదట ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ఒక్క మాట. మన షాదీఖానానే తీసుకోండి. పెళ్లివాళ్లు వస్తారు, వంటవాళ్లు వస్తారు, పందిరివాళ్లు, లైటింగువాళ్లు వస్తారు. ఎవరి పని వాళ్లదే. కానీ ఏ గది ఎవరికి, పెద్ద డేగిశాలు ఎవరికి, నీళ్ల ట్యాంకు ఎప్పుడు విప్పాలి, స్టోరు గది తాళం ఎవరి చేతికివ్వాలి, ఇవన్నీ చూసుకునేది షాదీఖానా మేనేజరు. ఆయన లేకపోతే వంటవాళ్లూ లైటింగువాళ్లూ ఒకే స్విచ్చు కోసం కొట్టుకుంటారు. ఫోన్లో, కంప్యూటర్లో ఆ మేనేజరు పేరే ఆపరేటింగ్ సిస్టమ్. వాట్సాపూ, యూట్యూబూ, బ్యాంకు యాపూ అన్నీ హాలు అద్దెకు తీసుకున్న పార్టీలు. మేనేజరు మాట వినకుండా ఏ పార్టీకీ కెమెరా అందదు, మైకు అందదు, మీ ఫోటోలూ అందవు. ఈ పోలిక మనసులో పెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఈ మేనేజర్లలో పేరున్నవాళ్లు కొద్దిమందే. కంప్యూటర్లలో ఎక్కువగా కనపడే విండోస్ మొదటిది 1985లో వచ్చింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి లినక్స్ మొదలుపెట్టి ఉచితంగా లోకానికి ఇచ్చినాడు. ఐఫోను 2007లో, ఆండ్రాయిడ్ ఫోను 2008లో వచ్చినాయి. ఆండ్రాయిడ్ లోపల ఉన్న గుండెకాయ ఆ లినక్సే. అంటే ఈ సభలో ఫోను జేబులో ఉన్నవాళ్లలో చాలామంది పేరు వినకుండానే లినక్స్ వాడుతున్నారన్నమాట. చరిత్ర ఇక చాలు.

ఇప్పుడు ఒక ఖాలా సంగతి చెప్పాలి. ఆమె అనుమతి తీసుకునే చెబుతున్నాము, పేరు మాత్రం చెప్పము.

ఒక ఆదివారం ఆమె కొంగులో చుట్టుకుని ఒక ఫోను తెచ్చినారు. కువైట్‌లో ఉన్న కూతురు పంపిన డబ్బుతో మూడేళ్ల కిందట కొన్న ఫోను. మనవడు ఆడుకుంటూ ప్యాటర్ను మార్చి మర్చిపోయినాడు. పది రకాలుగా గీసి చూసి, ఎవరో రిపేరు చేసే అతని దగ్గరికి తీసుకుపోతే, ఆయన "తెరిచిస్తా" అని మొత్తం తుడిచేసినాడు. తుడిచిన తర్వాత ఫోను తెరుచుకుందా అంటే అదీ లేదు. "ఈ ఫోనులో ఇంతకుముందు ఉన్న జీమెయిలు, దాని పాస్‌వర్డు ఇవ్వండి" అని అడుగుతూ కూర్చుంది. ఇది ఫోను మొండితనం కాదు. దొంగిలించిన ఫోనును తుడిచేసి అమ్ముకోకుండా 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో పెట్టిన కాపలా. దొంగకు పెట్టిన తాళం యజమానికే పడింది.

"జీమెయిలు ఏది ఖాలా?" అని అడిగితే ఆమెకు ఆ మాటే తెలియదు. ఫోను అమ్మిన షాపులో కుర్రవాడే ఏదో పేరుతో ఒక జీమెయిలు సృష్టించి, అందులో తన నంబరే ఇచ్చి, ఫోను నడిపించి చేతిలో పెట్టినాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు బెంగుళూరులో ఎక్కడో ఉన్నాడట. పాస్‌వర్డు అతనికీ గుర్తుండే అవకాశం లేదు.

మేము "పోనీ ఖాలా, ఫోను పోతే పోయింది, ఇంకొకటి కొనుక్కోవచ్చు" అన్నాము. తెలియక అన్న మాట. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పినారు. ఖాలూ చనిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన లారీ మీద పోయేవాడు. ఈమెకు చదువు రాదు గనుక రోజూ రాత్రి ఎక్కడ ఆగితే అక్కడి నుంచి వాట్సాపులో గొంతు రికార్డు చేసి పంపేవాడు. అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా, అంతే. అవన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. "ఫోనుదేముంది నాయనా, ఆయన గొంతు పోయింది గదా" అన్నారు.

వాట్సాపు మాటలకు గూగుల్ ఖాతాలో నకలు ఉండి ఉండవచ్చు. కానీ ఆ నకలు కూడా ఆ తెలియని జీమెయిలు లోపలే ఉంటుంది. చేతులెత్తేసినాము. రెండు వారాల తర్వాత మాలో చిన్నవాడికి ఒక ఆలోచన తట్టింది. కుటుంబం గ్రూపు ఒకటి ఉంది గదా, ఖాలూ అందులో కూడా ఎప్పుడైనా మాట్లాడి ఉంటాడు గదా అని. కువైట్‌లో కూతురికి ఫోను చేస్తే ఆమె ఫోన్లో పదకొండు దొరికినాయి. ఒకదాంట్లో బోరు మోటారు ఆపినారా లేదా అని గట్టిగా అరుస్తాడు. ఖాలా ఎక్కువసార్లు వినేది అదేనట. వాటిని ఇప్పుడు మూడు చోట్ల దాచినాము. మిగతావి, కొన్ని వందలు, ఇక లేవు.

అందుకని మా మొదటి మనవి ఇది. ఈరోజు ఇంటికి పోగానే ఫోను సెట్టింగుల్లో 'గూగుల్' అన్న చోట నొక్కి, అక్కడ పైన ఏ జీమెయిలు కనపడుతుందో చూడండి. అది మీదేనా? పాస్‌వర్డు తెలుసా? అందులో ఇచ్చిన నంబరు మీదా, లేక షాపువాడిదా? మీది కాకపోతే ఫోను ఇంకా తెరుచుకుని ఉన్నప్పుడే మార్చుకోండి. తాళం పడిన తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. తర్వాత వాట్సాపు సెట్టింగుల్లో 'చాట్లు', అందులో 'చాట్ బ్యాకప్' తెరిస్తే చివరిసారి నకలు ఎప్పుడు తీసిందో తేదీ కనపడుతుంది. చాలామంది ఫోన్లలో "ఎప్పుడూ లేదు" అనో, రెండేళ్ల కిందటి తేదీనో చూసినాము. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఫోటోలు, మెయిళ్లు, వాట్సాపు నకలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూను దాకా ఫోటోలను ఎన్నైనా ఉచితంగా దాచుకునే వీలుండేది, ఆ రోజులు పోయినాయి. అది నిండిందంటే నకలు తీయడం నిశ్శబ్దంగా ఆగిపోతుంది, అందుకే తేదీ చూడమంటున్నది. గుడ్ మార్నింగు పూలూ, పండగ శుభాకాంక్షల వీడియోలూ తీసేస్తే చాలామందికి సగం చోటు తిరిగి వస్తుంది. వాట్సాపు సెట్టింగుల్లో 'స్టోరేజీ' అన్న చోట ఏ గ్రూపు ఎంత తింటున్నదో లెక్కతో సహా చూపిస్తుంది. మన సంఘం గ్రూపే మొదటి వరుసలో ఉంటే మమ్మల్ని తిట్టుకోవద్దు.

పాస్‌వర్డు కాగితం మీద రాయకూడదని పత్రికల్లో రాస్తారు. మేము రాయమనే చెబుతాము. చిన్న నోటు పుస్తకంలో రాసి, ఇంటి దస్తావేజులు ఉండే బీరువాలోనే పెట్టండి. మన ఇళ్లలో బీరువా తాళం పగలగొట్టి జీమెయిలు పాస్‌వర్డు ఎత్తుకుపోయిన దొంగను మేమింకా చూడలేదు. పాస్‌వర్డు మర్చిపోయి ఏడ్చినవాళ్లను మాత్రం వారం వారం చూస్తున్నాము. ఫోను వెనకాలే చీటీ అంటించడం మాత్రం వద్దు. అది కూడా చూసినాము.

గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు పాత ఫోన్లు తెచ్చిస్తుంటారు గదా. వాళ్లకు ఒక మాట చెప్పండి. ఫోను ఇచ్చేముందు తమ ఖాతాను సెట్టింగుల్లో తీసేసి, ఆ తర్వాతే తుడవమనండి. ఐఫోనుకూ ఇదే పద్ధతి. అలా చేయకుండా ఇచ్చిపోతే, ఆయన విమానం ఎక్కిన తర్వాత ఇక్కడ మీరు ఆ ఫోనును కాగితాల మీద బరువు పెట్టుకోవడానికి తప్ప వాడుకోలేరు.

ఇప్పుడు తాళంచెవుల సంగతి. షాదీఖానా మేనేజరును గుర్తు తెచ్చుకోండి. ఒక పార్టీ వచ్చి "స్టోరు తాళం ఇవ్వండి" అంటే ఆయన మిమ్మల్ని అడుగుతాడు, ఇవ్వమంటారా అని. ఫోన్లో "ఈ యాప్‌కు కెమెరా అనుమతించాలా? పరిచయాలు అనుమతించాలా? ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వాలా?" అని వచ్చే ప్రశ్న అదే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఇలా ఒక్కొక్కటీ విడిగా అడగడం మొదలైంది. 2020 నాటి ఆండ్రాయిడ్ 11 నుంచి "ఈ ఒక్కసారికే" అనే జవాబు కూడా ఉన్నది. మనవాళ్లేం చేస్తారంటే, చదవకుండా ప్రతిదానికీ 'అలో, అలో' అని నొక్కుకుంటూ పోతారు. టార్చిలైటు యాప్ మీ ఎస్సెమ్మెస్‌లు ఎందుకు చదవాలి? లైటింగువాడికి స్టోరు తాళంతో ఏం పని? ఆ ప్రశ్న మీరే వేసుకోండి. కొత్త ఫోన్లలో ఏదైనా యాప్ కెమెరా గానీ మైకు గానీ వాడుతున్నప్పుడు తెర పైమూలన చిన్న పచ్చచుక్క వెలుగుతుంది. మీరు ఎవరితోనూ మాట్లాడనప్పుడు, ఫోటో తీయనప్పుడు ఆ చుక్క కనపడితే పై నుంచి కిందికి లాగి ఎవరు వాడుతున్నారో చూడండి.

ఈ తాళాల మీదనే ఇప్పుడు పెద్ద మోసం నడుస్తున్నది. వాట్సాపులో పెళ్లికార్డు వస్తుంది. పంపినది తెలియనివాడు కాదు, మీ మేనమామ నంబరు నుంచే. ఆ మాట మరీ మరీ చెబుతున్నాము, తెలిసిన నంబరు నుంచే వస్తుంది. ఎందుకంటే ఆయన ఫోను అప్పటికే వాళ్ల చేతికి పోయింది. ఆ ఫైలు పేరు చివర 'ఏపీకే' అనే మూడక్షరాలు ఉంటాయి. పెళ్లికార్డు బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, వీడియోగా వస్తుంది. ఏపీకేగా ఎన్నడూ రాదు. ఏపీకే అంటే ఒక యాప్. దాన్ని నొక్కితే ఆండ్రాయిడ్ వెంటనే ఆపి, "ఇది ప్లే స్టోరు నుంచి వచ్చింది కాదు, తెలియని యాప్‌ను పెట్టుకోవడానికి అనుమతిస్తారా" అని అడుగుతుంది. అక్కడ మేనేజరు తన పని తాను చేసినాడు. "కానీయ్" అని తాళం ఇచ్చేది మనమే. లోపలికి వచ్చిన తర్వాత అది ఎస్సెమ్మెస్‌లు చదివే తాళం అడుగుతుంది. దొరికితే బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మీకంటే ముందు అది చదువుతుంది. ట్రాఫిక్ చలానా అనీ, ప్రభుత్వ పథకం అనీ, బ్యాంకు కేవైసీ అనీ పేర్లు మారుతుంటాయి, ఫైలు చివర మూడక్షరాలు మాత్రం అవే.

పోయిన ఏడు మన సభ్యుల్లో ఒకరికి ఇలా జరిగింది. కూతురి పెళ్లికి దాచిన డబ్బులో కొంత పోయింది. ఎంతో చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన చేసిన పొరపాటు నొక్కడం ఒక్కటే కాదు, సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పకపోవడం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికి జరిగినా, దయచేసి ఆ రెండు రోజులు ఆగవద్దు. వెంటనే ఫోన్లో ఇంటర్నెట్ ఆపేయండి, విమానం బొమ్మ నొక్కితే సరిపోతుంది. వేరే ఫోను నుంచి 1930 నంబరుకు చేయండి. డబ్బు మోసాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు అది. తర్వాత బ్యాంకుకు చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంటుంది, ఎంత త్వరగా చెబితే మధ్యలో ఎక్కడో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఫోనును శుభ్రం చేయడం ఆ తర్వాతి మాట. దానికి మా గదికి రండి.

ఇక అప్‌డేట్లు. "అప్‌డేట్ చేస్తే ఫోను నెమ్మదిస్తుంది, వద్దులే" అనేవాళ్లు మన గదికి వచ్చేవాళ్లలో సగం మంది. పాత ఫోనుకు పెద్ద మార్పు వస్తే కొంచెం బరువెక్కే మాట నిజమే కావచ్చు. అందువల్ల పెద్ద మార్పుకు రెండు మూడు వారాలు ఆగి, మిగతావాళ్ల అనుభవం చూసి చేసుకుంటామంటే మేము కాదనము. కానీ భద్రత కోసం వచ్చే చిన్న అప్‌డేట్లను వాయిదా వేయవద్దు. 2017 మార్చిలో విండోస్‌లో ఒక రంధ్రాన్ని మూసే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. రెండు నెలలకు, మే 12న, ఆ రంధ్రంలోంచే 'వానాక్రై' అనే పురుగు లోకమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తాననేది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు కూడా అది సోకిందని అప్పటి పత్రికల్లో వచ్చింది. మార్చిలోనే అప్‌డేట్ చేసుకున్న యంత్రాల్లోకి ఆ రంధ్రం గుండా రాలేకపోయింది.

ఇంకొక ముచ్చట ఉంది, ఇది మన తెలుగుదే. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను పడగొట్టింది. 'జ్ఞా' అనే అక్షరం. ఎవరైనా దాన్ని సందేశంలో పంపితే, చూపించబోయిన యాప్ కుప్పకూలేది, కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ ఆగి మొదలయ్యేది. అంత ఖరీదైన యంత్రం జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరాన్ని మోయలేకపోయిందని మన బడిపంతులు ఇప్పటికీ క్లాసులో చెప్పి నవ్విస్తుంటాడు. ఆ నెలలోనే, 19వ తేదీన, ఆపిల్‌వారు 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసినారు.

కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడుగుతాము గానీ, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని అడగము. అది అడగండి. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024 నాటి సామ్‌సంగ్ ఎస్ 24కు ఏడేళ్ల మాట ఇచ్చినారు. తక్కువ ధర ఫోన్లకు అంత ఉండదు. పాత ఫోను కొనేటట్లయితే సెట్టింగుల్లో 'భద్రతా అప్‌డేట్' తేదీ చూడండి. అది రెండు మూడేళ్ల కిందటే ఆగిపోయి ఉంటే, ఆ ఫోన్లో పాటలు వినండి, పిల్లలకు ఫోటోలు చూపించండి, బ్యాంకు యాప్ మాత్రం పెట్టవద్దు.

కంప్యూటర్ల దగ్గరికి వస్తే, మన ఇళ్లలో, షాపుల్లో ఉన్నవి చాలావరకు విండోస్ 10వి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు భద్రతా అప్‌డేట్లు ఇంకొక ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. విండోస్ 11కు మారుదామంటే పాత యంత్రాలు చాలావాటికి అర్హత లేదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది, కొన్నేళ్ల కిందటి ప్రాసెసర్లను ఒప్పుకోదు. అటువంటి కంప్యూటరును తుక్కువాడికి అమ్మేయమని మేము చెప్పము. అందులో లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ పెట్టుకోండి, రెండూ ఉచితం. ఉత్తరాలు రాయడం, లెక్కల పట్టికలు, ఇంటర్నెట్, పిల్లల చదువు అన్నీ నడుస్తాయి. పెన్‌డ్రైవులో వేసి, లోపల ఏమీ మార్చకుండా ముందు నడిపి చూసుకునే వీలు కూడా ఉంది. ఒక్క చిక్కు ఏమిటంటే, విండోస్ కోసమే తయారైన కొన్ని ప్రోగ్రాములు, ముఖ్యంగా షాపుల్లో లెక్కలకు వాడేవి, అందులో నేరుగా నడవవు. అది చూసుకుని దిగాలి.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తుల పట్టిక, సభ్యత్వ రుసుముల లెక్క, రెండూ సంఘం కంప్యూటర్లో మేమే ఎక్కించినాము. మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని చేసిన పని. ఒక రోజు కరెంటు పోయి వచ్చింది, హార్డ్‌డిస్కు టక్ టక్ అని చప్పుడు చేసి ఆగిపోయింది. నకలు లేదు. ఖాలాకు అంత చెప్పినవాళ్లమే మేము! కాపాడిందెవరయ్యా అంటే, "మీ పెట్టె మీద నాకు నమ్మకం లేదు" అని ఎర్ర అట్ట లెడ్జరులో చేత్తో రాసుకుంటూ వచ్చిన మన పాత కోశాధికారిగారు. ఆ లెడ్జరు చూసి మళ్లీ ఎక్కించినాము. గడువుకు నాలుగు రోజుల ముందు పూర్తయింది. ఆలస్యమై ఉంటే పిల్లల ఏడాది ఫీజు పోయేది, దానికి మేమే జవాబుదారులం.

అప్పటి నుంచి ముఖ్యమైనది ఏదైనా మూడు నకళ్లు ఉంచుతున్నాము. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్కులో, ఇంకొకటి వేరే ఇంట్లోనో ఇంటర్నెట్ మీదనో. బయటి డిస్కును పని అయినాక ఊడదీసి పెట్టాలి. తగిలించే ఉంచితే వానాక్రై వంటిది వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది. లెడ్జరు కూడా ఆపలేదు.

కంప్యూటరు నెమ్మదించిందని వచ్చేవాళ్లకు మేము చేసే మొదటి వైద్యం 'రీస్టార్ట్'. "రోజూ రాత్రి ఆపుతూనే ఉన్నాం గదా" అంటారు. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి 'షట్‌డౌన్' అంటే పూర్తిగా ఆపడం కాదు. త్వరగా మొదలు కావడం కోసం లోపలి స్థితిని కొంత డిస్కులో దాచుకుని పడుకుంటుంది. మర్నాడు పాత తలనొప్పితోనే లేస్తుంది. 'రీస్టార్ట్' నొక్కితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. వారానికొకసారి చేయండి. ఫోనుకూ మంచిదే. ఫోన్లో తెరిచిన యాప్‌లన్నిటినీ పొద్దస్తమానం పైకి తోసి మూసేసే అలవాటు మాత్రం మానుకోండి. బ్యాటరీ మిగులుతుందనుకుంటారు. మూసినదాన్ని మళ్లీ మొదటి నుంచి తెరవడానికే బ్యాటరీ ఎక్కువ పోతుంది. ఏది ఎప్పుడు పక్కన పెట్టాలో మేనేజరుకు తెలుసు.

కీబోర్డు కిటుకులు చాలా ఉన్నాయి, మూడు చాలు. విండోస్ మీటతో ఎల్ నొక్కితే తెరకు తాళం పడుతుంది, షాపులో కౌంటరు వదిలి లేచేటప్పుడు వాడండి. విండోస్ మీటతో వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరుసగా కనపడతాయి, మొదటిసారి మాత్రం ఆన్ చేయమని అడుగుతుంది. పొరపాటున ఏదైనా చెరిపేస్తే చేతులు కాళ్లు ఆడక ఇంకో పది మీటలు నొక్కకుండా, కంట్రోలు, జెడ్ కలిపి నొక్కండి.

తెలుగులో రాయడానికి బయట ఏ సాఫ్టువేరూ కొననక్కరలేదు. విండోస్ సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే సరి, విండోస్ మీటా స్పేసుబారూ నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మారుతుంది. మన సావనీరుకు వచ్చే వ్యాసాల్లో కొన్ని ప్రెస్సుల పాత ఫాంట్లలో వస్తాయి. అవి మా కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చిత్తడిగా కనపడతాయి. యూనికోడ్‌లో పంపండి, మీ వ్యాసం మీరు రాసినట్టే అచ్చవుతుంది. ఫోన్లో అయితే ఇంకా సులువు. జీబోర్డు అనే కీబోర్డులో తెలుగూ ఉర్దూ రెండూ పెట్టుకోవచ్చు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు దానంతట అదే సర్దుకుంటుంది. 2017 నుంచి రెండు భాషల్లోనూ మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. మా ఇంట్లో ఒక పెద్దామె తెలుగు మైకుకు ఉర్దూ చెప్పి, వచ్చిన రాత చూసి రోజంతా నవ్వింది. ముందు భాష మార్చుకోవాలి, మర్చిపోవద్దు.

కళ్లజోడు వెతుక్కునే పెద్దలు డిస్‌ప్లే సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచుకోండి. అర నిమిషం పని. ఇది చేసి ఇచ్చిన రోజు మాకు దొరికినన్ని దువాలు ఇంకే పనికీ దొరకలేదు.

చివరగా, ఫోను పోతే. పోకముందే *#06# నొక్కండి. పదిహేనంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇందాక చెప్పిన నోటు పుస్తకంలోనే రాసుకోండి, రెండు సిమ్ముల ఫోనుకు రెండు ఉంటాయి. పోయిన తర్వాత పోలీసు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకు కొత్త సిమ్ము తీసుకుని, 2023లో కేంద్ర టెలికాం శాఖ పెట్టిన 'సంచార్ సాథీ'లో ఆ ఐఎంఈఐని అడ్డుకోమని కోరవచ్చు. దొరికితే మళ్లీ తెరిపించుకోవచ్చు. గూగుల్‌వారి 'ఫైండ్ హబ్'తో ఇంకో ఫోను నుంచి మీ ఫోను ఎక్కడుందో చూడవచ్చు, తాళం వేయవచ్చు, తుడిచేయనూ వచ్చు. దీనికి కూడా ఆ జీమెయిలే కావాలి. ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాము, ఏం చేయమంటారు?

దేగ్‌లు దించుతున్న చప్పుడు వినపడుతున్నది, ఆపేస్తున్నాము. భోజనాల తర్వాత అస్రు దాకా వెనక గదిలో కూర్చుంటాము. జీమెయిలు ఏదో తెలియనివాళ్లు ముందు రండి. ఛార్జరు తెచ్చుకోండి, ఆ గదిలో ప్లగ్గులు మూడే ఉన్నాయి. ప్యాటర్ను గీసిన మనవడిని కూడా వెంట తెస్తే మంచిది.